కోర్‌కి కట్టేస్తే సర్వర్ స్పీడ్ అవుతుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న (రాయగడ నుంచి ఒక పాఠకుడు): మాస్టారూ నమస్కారం. మాది రాయగడలో మందుల హోల్‌సేల్. షాపులో ఉన్నది ఒకటే సర్వర్, ఉబుంటు లినక్స్ వేసుంది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద బిల్లింగ్ నడుస్తాది. సాయంత్రం అయిదు దాటాక గుణుపురం, మునిగుడ, బిస్సంకటక్ మెడికల్ షాపులోళ్ళు ఆర్డర్లు చెప్తారు, సరిగ్గా అదే టైమ్‌కి స్టాక్ రిపోర్ట్ తీసే పైథాన్ స్క్రిప్ట్, దాని వెనకే బ్యాకప్ మొదలవుతాయి, ఇంక బిల్లు స్క్రీన్ తిరుగుతానే ఉంటాది. మా బావమరిది భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తాడు, ఒక్కో ప్రాసెస్‌ని (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని) ఒక్కో కోర్‌కి (ప్రాసెసర్‌లో పనిచేసే ఒక భాగానికి) కట్టీ బావా అన్నాడు. లెక్కకి 8 సీపీయూలు కనబడతన్నాయి కదా అని టాస్క్‌సెట్ అనే కమాండ్‌తో డేటాబేస్‌ని 0కి, రిపోర్ట్‌ని 4కి, బ్యాకప్‌ని 5కి కట్టీసాను. ఆ సాయంత్రం ఏం తేడా లేదు. మర్నాడు పొద్దున్నుంచి మాత్రం ఇంకా నెమ్మదైపోనాది, రిపోర్ట్ నడవనప్పుడు కూడా నెమ్మదే. ఏటి చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కట్టు విప్పేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. రాత్రి కౌంటర్ మూసాక పోస్ట్‌గ్రెస్ సర్వీసుని ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలు, మళ్ళీ అన్ని కోర్ల మీదా స్వేచ్ఛగా నడుస్తుంది.

ఇప్పుడు ఎందుకలా అయిందో చెప్తాను, మీరు రాసిన "ఆ సాయంత్రం తేడా లేదు, మర్నాడు నెమ్మది" అన్న మాటలోనే జవాబంతా ఉంది. పోస్ట్‌గ్రెస్ ఒక్క ప్రాసెస్ కాదు. పెద్ద ప్రాసెస్ ఒకటి కూర్చుని ఉంటుంది, కౌంటర్ నుంచి ఎవరైనా లాగిన్ అయితే వాళ్ళ కోసం ఒక పిల్ల ప్రాసెస్‌ని పుట్టిస్తుంది, ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో పిల్ల. మీరు టాస్క్‌సెట్ కొట్టింది పెద్దదాని నంబర్ మీద. అప్పటికే పుట్టి ఉన్న పిల్లలకి ఆ కట్టు అంటదు, అందుకే ఆ సాయంత్రం ఏమీ మారలేదు. లినక్స్‌లో రూల్ ఏంటంటే, తల్లికి ఏ సీపీయూలు రాసుంటే తర్వాత పుట్టే పిల్లలకీ అవే వస్తాయి. పొద్దున్న కౌంటర్లు తెరిచి అందరూ కొత్తగా లాగిన్ అయ్యారు, కొత్త పిల్లలన్నీ 0వ సీపీయూ మీదే పుట్టాయి, ఎన్ని కౌంటర్లుంటే అన్నీ ఒకే సీపీయూ కోసం కొట్టుకుంటున్నాయి, పక్కన మిగతావి ఖాళీగా ఉన్నా అటు పోలేవు. టాప్ కమాండ్ తెరిచి 1 నొక్కితే సీపీయూలన్నీ విడివిడిగా కనిపిస్తాయి, 0వది నూటికి నూరు, మిగతావి తీరిగ్గా ఉండటం మీ కళ్ళతోనే చూడొచ్చు.

రెండోది, 8 సీపీయూలు అని కనిపించినంత మాత్రాన 8 కోర్లు ఉన్నట్టు కాదు. హైపర్‌త్రెడింగ్ ఉన్న ప్రాసెసర్ ఒక్కో అసలు కోర్‌ని రెండుగా చూపిస్తుంది. ‘ఎల్‌ఎస్‌సీపీయూ -ఈ’ కొట్టి చూడండి, కోర్ అని ఒక కాలమ్ వస్తుంది, అందులో ఒకే నంబర్ ఉన్న రెండు సీపీయూలు ఒకే కోర్‌లో ఉన్న జంట. చాలా ఇంటెల్ మిషన్లలో నాలుగు కోర్లుంటే 0కి జంట 4, 1కి జంట 5, అలా పోతుంది. మీ దాంట్లోనూ అదే వరుస ఉంటే డేటాబేస్‌ని 0కి, రిపోర్ట్‌ని 4కి కట్టి మీరు ఆ రెండింటినీ ఒకే కోర్‌లోకి తోశారన్నమాట. విడదీద్దామని చేసిన పని కాస్తా కలిపేసింది. నంబర్లు చూసి కట్టకూడదు, ఈ కాలమ్ చూసి కట్టాలి.

మూడోది అన్నిటికన్నా పెద్ద విషయం, ఇది మీ బావమరిదికి కూడా చెప్పండి. ప్రాసెస్‌ని ఒక కోర్‌కి కట్టడం అంటే ఆ కోర్ దానికి రాసిచ్చేయడం కాదు. మీరు రాయగడలో విశాఖ వెళ్ళే పాసింజర్ బండెక్కి నేను ఈ పెట్టె దాటి ఎక్కడికీ వెళ్ళను అని కూర్చున్నారనుకోండి, దానివల్ల మీరు వేరే పెట్టెకి పోలేరు అంతే, పార్వతీపురంలో ఎక్కే జనం మీ పెట్టెలోకి రాకుండా ఆగరు. టాస్క్‌సెట్ సరిగ్గా అంతే చేస్తుంది. కట్టిన ప్రాసెస్ కదలదు, మిగతా ప్రాసెస్‌లు మాత్రం ఆ కోర్ మీదకి ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాయి. అంటే ముఖ్యమైన పనిని కడితే ఆ పనికే నష్టం. కట్టాల్సింది అల్లరి చేసే పనిని.

కాబట్టి మీ షాపులో చేయాల్సింది తలకిందులు: డేటాబేస్‌ని వదిలేయండి, రిపోర్ట్‌నీ బ్యాకప్‌నీ ఒక మూలకి నెట్టండి. జంటలు పైన చెప్పిన వరుసలో ఉంటే 3, 7 రెండూ ఒకే కోర్, ఆ కోర్ ఒక్కటీ వాటికి ఇవ్వండి. నడుస్తున్నదాన్ని పట్టుకుని కట్టడం కన్నా మొదలుపెట్టేటప్పుడే కట్టడం మంచిది, ‘టాస్క్‌సెట్ -సీ 3,7’ అని రాసి దాని పక్కనే మీ పైథాన్ కమాండ్ మొత్తం రాయండి, స్క్రిప్ట్ పుట్టించే పిల్లలన్నీ ఆ రెండింట్లోనే ఉంటాయి. ఇక్కడ ఆ ‘సీ’ అక్షరం మర్చిపోవద్దు. అది లేకపోతే మీరిచ్చిన నంబర్‌ని టాస్క్‌సెట్ సీపీయూ నంబర్ అనుకోదు, హెక్సాలో (16 అంకెల లెక్కలో) రాసిన మాస్క్, అంటే ఏ సీపీయూలు కావాలో 1లు, 0లతో చెప్పే అంకె అనుకుంటుంది. ‘టాస్క్‌సెట్ -పీ 3’ అని కొట్టి పక్కన ప్రాసెస్ నంబర్ ఇస్తే అది 3వ సీపీయూకి పోదు, 0కీ 1కీ పోతుంది, ఎర్రర్ కూడా రాదు, మనం సరిగ్గానే చేశాం అనుకుని కూర్చుంటాం. నడుస్తున్న ప్రాసెస్‌ని కట్టాల్సి వస్తే ఇంకో సంగతి, దాంట్లో త్రెడ్లు (ఒకే ప్రాసెస్ లోపల విడివిడిగా నడిచే పనులు) చాలా ఉంటే ‘-ఏ’ కూడా కలపాలి, లేకపోతే ఆ ఒక్క త్రెడ్ కదులుతుంది, మిగతావి ఎక్కడివక్కడే ఉంటాయి. కట్టు పడిందో లేదో చూడాలంటే ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ నంబర్ కింద స్టేటస్ ఫైల్ ఉంటుంది, అందులో సీపీయూస్ అలౌడ్ లిస్ట్ అన్న లైను చదవండి.

బ్యాకప్‌ని పిగ్‌జెడ్ అనే టూల్‌తో కంప్రెస్ చేస్తుంటే దానికి ‘-పీ 2’ కూడా ఇవ్వండి, లేకపోతే మిషన్‌లో 8 ఉన్నాయని చూసి 8 త్రెడ్లు లేపుతుంది, అవన్నీ రెండు సీపీయూల్లో ఇరుక్కుంటాయి. పైథాన్‌లోనూ ఇదే తంతు. మల్టీప్రాసెసింగ్ పూల్‌కి (పని పంచుకునే పిల్ల ప్రాసెస్‌ల గుంపుకి) మీరు సంఖ్య చెప్పకపోతే పాత వెర్షన్లు మొత్తం సీపీయూలు లెక్కపెట్టి అన్ని పిల్లల్ని పెడతాయి, కట్టు ఉందా లేదా పట్టించుకోవు. 3.13 వెర్షన్ నుంచి మనకి అనుమతి ఉన్నవాటినే లెక్కపెడుతుంది. పాతదైతే స్క్రిప్ట్‌లో 2 అని మీరే రాసేయండి.

ఇంతా చేశాక కూడా బిల్లింగ్ తిరుగుతూనే ఉండొచ్చు, ఎందుకంటే రిపోర్ట్ బరువు నిజంగా పైథాన్‌లో ఉందా అన్నది చూడాలి. ఏడాది అమ్మకాలన్నీ కలిపి, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ బ్యాచ్‌లు వెతికి, కంపెనీల వారీగా కూడి ఇచ్చేది పైథాన్ కాదు కదా, ఆ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) అంతా నడిచేది పోస్ట్‌గ్రెస్ పిల్ల ప్రాసెస్‌లో. పైథాన్ ప్రాసెస్ జవాబు కోసం చూస్తూ కూర్చుంటుంది. మీరు పైథాన్‌ని కట్టేసి పనంతా ఆగుతుందనుకుంటే అసలు పని చేసేవాడు బయట స్వేచ్ఛగా తిరుగుతుంటాడు. దీనికి చేయాల్సింది, స్క్రిప్ట్ డేటాబేస్‌కి కనెక్ట్ అయిన వెంటనే ‘పీజీ_బ్యాకెండ్_పిడ్’ అనే ఫంక్షన్‌ని పిలిస్తే ఆ కనెక్షన్ వెనకున్న ప్రాసెస్ నంబర్ ఇస్తుంది, ఆ నంబర్‌ని టాస్క్‌సెట్‌తో 3,7కి పంపాలి. ఆ ప్రాసెస్ పోస్ట్‌గ్రెస్ యూజర్‌ది కాబట్టి మామూలు యూజర్‌తో కుదరదు, రూట్‌గానో పోస్ట్‌గ్రెస్ యూజర్‌గానో చేయాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది, పెద్ద క్వెరీకి పోస్ట్‌గ్రెస్ సాయానికి ప్యారలల్ వర్కర్లని లేపుతుంది, ఆ వర్కర్లని పుట్టించేది మీ కనెక్షన్ ప్రాసెస్ కాదు, పైనున్న పెద్ద ప్రాసెస్సే. దానికి కట్టు లేదు కాబట్టి వర్కర్లకీ ఉండదు. అందుకని రిపోర్ట్‌కి డేటాబేస్‌లో వేరే యూజర్‌ని పెట్టి, ఆ యూజర్‌కి మాత్రం ‘మ్యాక్స్_ప్యారలల్_వర్కర్స్_పర్_గ్యాదర్’ సెట్టింగ్‌ని 0 చేసేయండి, మామూలుగా అది 2 ఉంటుంది. రిపోర్ట్ కొంచెం లేటుగా వస్తుంది, రానీండి, గుణుపురం షాపాయన ఫోన్‌లో లైన్ మీద ఉన్నప్పుడు బిల్లు తెగడం ముఖ్యం.

నా మాట అడిగితే, ఈ కట్టే పని కన్నా ముందు ప్రాధాన్యం మార్చి చూడమంటాను. ఏ ప్రాసెస్ ఎప్పుడు ఏ కోర్ మీద నడవాలో చూసే లినక్స్ షెడ్యూలర్ ఏమీ మొద్దుది కాదు, 2007లో సీఎఫ్‌ఎస్ అనే షెడ్యూలర్ వచ్చింది, 2023లో 6.6 కెర్నల్‌తో ఈఈవీడీఎఫ్ అనేది వచ్చింది, రెండూ ఎవరికి ఎంత వాటా అన్నది బాగానే చూస్తాయి, పైగా ఒక ప్రాసెస్ ఏ కోర్ మీద నడిచిందో వీలైతే అక్కడే ఉంచాలని కూడా చూస్తాయి, కోర్ పక్కనుండే చిన్న మెమరీ అయిన క్యాష్‌లో దాని డేటా ఇంకా ఉంటుంది కాబట్టి. రిపోర్ట్‌నీ బ్యాకప్‌నీ క్రాన్‌లో (టైమ్‌కి పనులు మొదలుపెట్టే పట్టికలో) కాకుండా సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) సర్వీసులుగా పెట్టి ‘సీపీయూవెయిట్’ 20 అని రాయండి. మామూలు బరువు 100. కోర్లు ఖాళీగా ఉన్నంతసేపు బ్యాకప్ అన్నీ వాడుకుంటుంది, బిల్లింగ్‌కి కావాల్సి రాగానే తగ్గుతుంది, కట్టేస్తే ఈ సౌకర్యం పోతుంది, అర్ధరాత్రి మిషన్ అంతా ఖాళీగా ఉన్నా అది ఆ రెండు సీపీయూల్లోనే దేకుతుంది. అయితే డేటాబేస్ లోపల నడిచే క్వెరీకి ఈ బరువు అంటదు, దానికి పైన చెప్పిందే మందు.

వెయిట్ పెట్టినా చాలకపోతే అదే సర్వీస్ ఫైల్‌లో ‘అలౌడ్‌సీపీయూస్’ అని 3,7 రాయండి. ‘సీపీయూఅఫినిటీ’ (అఫినిటీ అంటే ఈ కట్టే) అని ఇంకోటి కూడా ఉంది, రెండింటికీ తేడా ఏంటంటే అఫినిటీతో కట్టినది తన కట్టు తానే విప్పుకోగలదు, లినక్స్‌లో ఏ ప్రాసెస్ అయినా తన అఫినిటీని మార్చుకోవచ్చు. అలౌడ్‌సీపీయూస్ సీగ్రూప్ గోడ, అంటే ప్రాసెస్‌ల గుంపుకి కెర్నల్ పెట్టే హద్దు, అది దాటి పోలేదు. ఏది రాసినా ఫైల్‌లో రాయడమే ముఖ్యం. చేత్తో కొట్టిన టాస్క్‌సెట్ ఆ ప్రాసెస్ బతికున్నంతవరకే. మే నెలలో మనవైపు గాలివానలు తెలుసు కదా, కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసి సర్వర్ మళ్ళీ లేచిందంటే కట్టిన కట్లన్నీ పోయినట్టే, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంకో మాట, ఇదంతా సీపీయూ చాలట్లేదు అన్న లెక్క మీద చెప్పాను. టాప్‌లో పైన ‘డబ్ల్యూఏ’ అని ఉండే అంకె సాయంత్రం బాగా పెరుగుతుంటే ప్రాసెసర్‌ది తప్పు కాదు, డిస్క్ కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. బ్యాకప్ అంటేనే డేటా మొత్తం డిస్క్ నుంచి చదవడం, పాత హార్డ్ డిస్క్ అయితే ఏ కోర్‌కి కట్టినా ఉపయోగం లేదు, బ్యాకప్‌ని రాత్రి పదకొండుకి మార్చి, వీలైతే డేటాబేస్‌ని ఎస్‌ఎస్‌డీకి తీసుకెళ్ళండి. ఈ ఒక్క అంకె ముందు చూసి ఉంటే చాలామందికి టాస్క్‌సెట్ జోలికి పోయే పనే ఉండదు.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు): గురువుగారూ, మా ఆఫీసులో విండోస్ సర్వర్. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కి టాస్క్ మేనేజర్‌లో సెట్ అఫినిటీకి వెళ్ళి 2, 3 టిక్ పెడతాను, సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే మళ్ళీ అన్నీ టిక్ అయిపోతున్నాయి. పర్మనెంట్‌గా ఉండే దారి చెప్పగలరా?

జవాబు: అమ్మా, ఆ టిక్కులు ప్రోగ్రామ్‌కి కాదు, అప్పుడు నడుస్తున్న ప్రాసెస్‌కి మాత్రమే. మూసి తెరిస్తే కొత్త ప్రాసెస్, దానికి పాత టిక్కులు తెలియవు. తెరిచేటప్పుడే చెప్పే దారుంది. షార్ట్‌కట్ ఒకటి చేసి అందులో సీఎండీ స్లాష్ సీ, తర్వాత స్టార్ట్, తర్వాత ఖాళీ కోట్స్ జత ఒకటి, తర్వాత స్లాష్ అఫినిటీ సీ అని, ఆఖర్న ప్రోగ్రామ్ పాత్‌ని కోట్స్‌లో రాయండి. ఆ ఖాళీ కోట్స్ ఎందుకా అంటారేమో, స్టార్ట్ కమాండ్ మొదట కనబడ్డ కోట్స్‌లో మాటని విండో పేరు అనుకుంటుంది, అది పెట్టకపోతే మీ పాత్‌నే పేరుగా తీసుకుని ప్రోగ్రామ్ తెరవదు, నల్ల విండో ఒకటి వచ్చి నిలబడుతుంది.

అఫినిటీ పక్కన సీ ఎలా వచ్చిందో కూడా చూడండి, వేరే నంబర్లు కావాల్సినప్పుడు మీరే వేసుకోవచ్చు. కుడి నుంచి ఎడమకి 0, 1, 2, 3 అని సీపీయూలని పేర్చండి, కావాల్సినవాటి కింద 1, వద్దన్నవాటి కింద 0 వేయండి. 2, 3 కావాలంటే 1100 వస్తుంది, దశాంశంలో 12, హెక్సాలో సీ. 4 నుంచి 7 దాకా కావాలంటే ఎఫ్0. సర్వీసుగా నడిచే ప్రోగ్రామ్‌కి షార్ట్‌కట్ ఉండదు కాబట్టి పవర్‌షెల్‌లో గెట్‌ప్రాసెస్‌తో దాన్ని పట్టుకుని ప్రాసెసర్‌అఫినిటీకి 12 ఇచ్చే లైను ఒకటి రాసి, సిస్టమ్ లేచినప్పుడల్లా నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టండి. అక్కడ మామూలు అంకె ఇస్తే దశాంశమే, తికమక పడొద్దు.

కానీ మీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉందేమో ఒకసారి చూడండి, చిన్న ఆఫీసుల్లో చాలాచోట్ల అదే ఉంటుంది. 2022 ఎక్స్‌ప్రెస్ ఎంత పెద్ద మిషన్‌లో పెట్టినా 4 కోర్లకి మించి వాడదు, బఫర్ పూల్ (డేటాని దగ్గర ఉంచుకునే మెమరీ) 1,410 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. నెమ్మదికి కారణం అదే అయితే మీరు టిక్కులు తీసి పెట్టినందువల్ల ఒరిగేది లేదు, ఇంకా తగ్గించినట్టే.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక పాఠకుడు): అన్నా, సెకండ్ హ్యాండ్‌లో రెండు ప్రాసెసర్ల సర్వర్ తీసుకున్నాం, అందులో వర్చువల్ మిషన్లు (ఒక మిషన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మిషన్లు) నడుపుతున్నాం. ఒకే రకం పని ఒకసారి ఫాస్ట్‌గా, ఒకసారి స్లోగా అవుతోంది. కోర్లకి పిన్ చేస్తే (కట్టేస్తే) కుదురుతుందా?

జవాబు: మీ విషయంలో పిన్ చేయడం నిజంగా పనికొస్తుంది తమ్ముడూ, రాయగడ తమ్ముడికి వద్దన్నది మీకు చేయమంటున్నాను. రెండు సాకెట్లున్న మిషన్‌లో ర్యామ్ కూడా రెండు భాగాలు, ఒక్కో ప్రాసెసర్‌కి దగ్గర ర్యామ్ ఒకటి, అవతలివాడి ర్యామ్ దూరం. ఒక ప్రాసెసర్, దాని దగ్గర ర్యామ్ కలిపి ఒక నోడ్. ‘న్యూమాసీటీఎల్ --హార్డ్‌వేర్’ కొడితే ఏ నోడ్‌లో ఏ సీపీయూలు, ఎంత మెమరీ ఉన్నాయో, కింద దూరాల పట్టిక కూడా వస్తుంది. తన ర్యామ్‌కి 10 అని రాసుంటుంది, అవతలిదానికి 20, 21 అలా ఉంటుంది. మీ వర్చువల్ మిషన్ మెమరీ ఒక నోడ్‌లో ఉండి, అది నడిచే సీపీయూలు రెండో నోడ్‌లో పడ్డ రోజు స్లో అవుతుంది, రెండూ ఒకేచోట పడ్డ రోజు ఫాస్ట్.

అందుకే ఇక్కడ ఒక్క కోర్‌కి కట్టడం కాదు, నోడ్ మొత్తానికి కట్టాలి, సీపీయూతో పాటు మెమరీని కూడా. మామూలు ప్రోగ్రామ్ అయితే న్యూమాసీటీఎల్‌కి సీపీయూనోడ్‌బైండ్ 0, మెంబైండ్ 0 ఇచ్చి మొదలుపెట్టాలి. లినక్స్ కేవీఎంతో నడిచే వర్చువల్ మిషన్‌కి వర్ష్ కమాండ్‌లో వీసీపీయూపిన్, న్యూమాట్యూన్ ఉన్నాయి. నడుస్తున్నదాన్ని టాస్క్‌సెట్‌తో ఇటు లాగితే సీపీయూ మారుతుంది గానీ ముందే తీసుకున్న మెమరీ టాస్క్‌సెట్‌తో రాదు, అవతలి నోడ్‌లోనే ఉంటుంది. లినక్స్ మామూలుగా మెమరీలో ఒక పేజీని (చిన్న ముక్కని) మొదట ముట్టుకున్న సీపీయూ దగ్గరి నోడ్‌లో ఇస్తుంది. ఆటోమేటిక్ న్యూమా బ్యాలెన్సింగ్ (నోడ్‌ల మధ్య మెమరీని సర్దే సదుపాయం) ఆన్‌లో ఉంటే మెల్లిగా సర్దుతుంది, దాన్ని నమ్ముకుని కూర్చోకుండా మిషన్ ఆపి సరిగ్గా కట్టి మళ్ళీ లేపడమే మంచిది. మెంబైండ్ కఠినం, ఆ నోడ్‌లో ర్యామ్ అయిపోతే పక్క నోడ్ ఖాళీగా ఉన్నా తీసుకోదు, ప్రాసెస్ చచ్చిపోవచ్చు, అంచులో ఉన్నారనిపిస్తే బదులుగా ప్రిఫర్డ్ వాడండి. పాత సర్వర్ అన్నారు కాబట్టి ఒకసారి మూత తీసి ర్యామ్ కర్రలు రెండు ప్రాసెసర్ల పక్కా సమానంగా ఉన్నాయో లేదో చూడండి, అమ్మేవాళ్ళు అన్నీ ఒక పక్కే గుచ్చి పంపితే రెండో ప్రాసెసర్‌కి దగ్గర ర్యామే ఉండదు.

ప్రశ్న (జయపురం నుంచి ఒక విద్యార్థి): సార్, క్లౌడ్‌లో రెండు వీసీపీయూల చిన్న మిషన్ అద్దెకి తీసుకున్నాను. అందులో నా ప్రోగ్రామ్‌ని 1కి కడితే అసలు కోర్ ఒకటి నాకే దొరుకుతుందా?

జవాబు: దొరకదు బాబూ. నువ్వు కట్టేది వర్చువల్ సీపీయూకి, ఆ వర్చువల్ సీపీయూని అసలు మిషన్‌లో ఏ కోర్ మీద నడపాలో అద్దెకిచ్చినవాళ్ళ హోస్ట్ చూసుకుంటుంది, అది లోపల నీకు కనబడదు. టాప్‌లో ‘ఎస్‌టీ’ అనే అంకె చూస్తుండు, నీ వంతు వచ్చినా హోస్ట్ వేరేవాళ్ళకి ఇచ్చేసిన టైమ్ అది. అది ఎక్కువగా ఉంటే లోపల ఎన్ని కట్టినా లాభం లేదు, డెడికేటెడ్ సీపీయూ ఇచ్చే ప్లాన్‌కి మారాలి. అది సున్నా దగ్గరే ఉండి ప్రోగ్రామ్ నెమ్మదిగా ఉంటే నీ కోడ్‌ని పంపు, వచ్చే సంచికలో చూద్దాం.